డాక్టరు జాన్ పాల్ స్ట్యాప్

బస్సులో ప్రయాణము చేయుచున్నపుడు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసిన అనుభవము మీకందరకును ఉండియే యుండును. బస్సు నిలుచును, కాని అందున్నవారి దేహములు నిలువవు. నిలుచున్నవారు ఒకరిపై నొకరు తూలుదురు. కూర్చున్నవారి నొసళ్లు ముందు సీటు కమ్మికి తగులును. ఒడిలోని సంచులు జారి క్రింద పడును. చలించుచున్న వస్తువు తన్నాపు బలమొకటి కలుగువరకు అదే వేగముతో, అదే దిక్కునకు పోవుచుండునని న్యూటను 1687లో లోకమునకు తెలియజేసెను. బ్రేకు ఆపినది బస్సు చక్రములను. మన దేహమును కాదు.

ఈ చిన్న తూలుపాటే వేగము హెచ్చినపుడు మృత్యువగును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక చెట్టునో గోడనో ఢీకొని ఆగినదనుకొనుడు. లోపల ఏ కట్టును లేక కూర్చున్న మనుష్యుడు ఆ వేగముతోనే ముందునకు పోయి అద్దమును తాకును. ఆ తాకిడి సుమారు 14 మీటర్ల ఎత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడపైనుండి, నేలపై పడిన తాకిడితో సమానము. మేడ అంచున నిలుచుటకు జంకువారు కారులో కట్టు లేక కూర్చుండుటకు జంకరు. మానవదేహము ఎంత తాకిడి నోర్చును, దానిని కాపాడు ఉపాయమేమి యను ప్రశ్నలకు తన దేహమునే పరికరముగా జేసికొని సమాధానము కనుగొన్న వైద్యుడొకడు కలడు. ఆయనయే డాక్టరు జాన్ పాల్ స్ట్యాప్.

స్ట్యాప్ 1910వ సంవత్సరము జూలై 11వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశమున, బహియాలో జన్మించెను. ఆయన తలిదండ్రులు అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి మతప్రచారమునకై అచటికేగిన క్రైస్తవులు. నలుగురు కుమారులలో జాన్ పెద్దవాడు. చిన్ననాటి చదువు చాలవరకు తలిదండ్రులయొద్దనే జరిగెను. పిమ్మట పై చదువునకై ఆయనను అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునకు పంపిరి. అచట పాఠశాలావిద్య ముగించి, వేకో నగరమునందలి బేలరు విశ్వవిద్యాలయమున చేరెను.

ఆ దినములలో ఆయన జీవితమును మార్చివేసిన సంఘటన యొకటి జరిగెను. 1928వ సంవత్సరమున క్రిస్మస్ సెలవులకు ఆయన బంధువుల యింటికి పోయియుండెను. శీతకాలము. గదిలో చలిమంట మండుచుండెను. ఆ యింటి పసిబిడ్డ యొకడు, స్ట్యాపునకు తమ్ముని వరుసవాడు, ప్రాకుచు పోయి ఆ మంటలో పడెను. ఒడలెల్ల కాలిన ఆ శిశువును బ్రతికించుటకు స్ట్యాప్ రేయింబవళ్లు ప్రక్కన కూర్చుండి ఉపచారము చేసెను. కాని మూడు దినములు నిండకమునుపే బిడ్డ ప్రాణము విడిచెను. మృత్యువును అంత దగ్గరగా చూచుట ఆయనకదియే మొదటిసారి. ఆ శిశువు శయ్యకడనే తాను వైద్యుడు కావలెనని ఆయన నిశ్చయించుకొనెను.

నిశ్చయించుకొనుట సులభము, నెరవేర్చుకొనుట కష్టము. మతప్రచారకుల కుటుంబమునకు ధనబలము లేదు. పైగా ఆ వెంటనే అమెరికా దేశమును గొప్ప ఆర్థిక మాంద్యము ఆవరించెను. స్ట్యాప్ 1931లో పట్టభద్రుడై, మరుసటి యేడు జంతుశాస్త్రమున ఎం.ఏ. పట్టమును పొందెను. వైద్యకళాశాలకు చెల్లించుటకు సొమ్ము లేకపోగా ఒక చిన్న కళాశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి సొమ్ము కూడబెట్టెను. 1940లో టెక్సస్ విశ్వవిద్యాలయమున జీవభౌతిక శాస్త్రములో డాక్టరు పట్టమును, 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును సంపాదించెను. శిశువు శయ్యకడ చేసిన సంకల్పము ఫలించుటకు పదునారేండ్లు పట్టెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదినాలుగు సంవత్సరములు.

ఆ యేటనే, రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచుండగా, స్ట్యాప్ సైన్యమున వైద్యుడుగా చేరెను. 1946లో ఆయనను ఒహైయో రాష్ట్రమునందలి రైట్ ఫీల్డునకు, వైమానిక వైద్య పరిశోధనశాలకు మార్చిరి. అచట ఆయన కప్పగించిన మొదటి పని మిక్కిలి యెత్తున ఎగురు విమానములలో వైమానికులకు కలుగు బాధలను పరిశీలించుట. పైకి పోయిన కొలది గాలి ఒత్తిడి తగ్గి, రక్తములో కరగియున్న నైట్రజను బుడగలుగా మారి, కీళ్లలో దుర్భరమైన నొప్పి కలిగించును. ఒక్కొక్కపుడు ప్రాణమే పోవును. స్ట్యాప్ తానే 40,000 అడుగుల యెత్తునకు పలుమార్లు పోయి పరీక్షించెను. విమానమెక్కుటకు ముందు అరగంటసేపు శుద్ధమైన ఆమ్లజనిని పీల్చినచో ఆ బాధ కలుగదని కనుగొనెను. ఇతరుల దేహములపై చేయవలసిన ప్రయోగమును ముందు తన దేహముపై చేయు పద్ధతి ఆయనకిట్లు ఆదినుండియు అలవడెను.

1947లో ఆయనకు మరియొక సమస్యను అప్పగించిరి. విమానము కూలినపుడు ఒక్కసారిగా వేగము నశించును. అప్పుడు మన దేహము తన బరువునకు అనేక రెట్ల బలముతో ముందునకు నెట్టబడును. ఆ బలమును శాస్త్రజ్ఞులు రెట్లలో లెక్కింతురు. దేహభారమునకు 18 రెట్లు మించిన బలమును మానవుడు ఓర్వజాలడనియు, అంతకు మించినచో మరణము తప్పదనియు అప్పటి నమ్మకము. కనుక విమానములలోని సీట్లను, కట్లను, వైమానికుని గదిని 18 రెట్ల బలమునకు తట్టుకొనునట్లే నిర్మించుచుండిరి. మనుష్యుడే మరణించునపుడు సీటు నిలిచిన ప్రయోజనమేమి యని వారి తలంపు.

స్ట్యాపునకు ఈ తలంపుపై సందేహము కలిగెను. ఘోరమైన ప్రమాదములలో సైతము కొందరు స్వల్పమైన గాయములతో బయటపడుచుండిరి. మరికొందరు తేలిక ప్రమాదములలోనే మరణించుచుండిరి. చంపుచున్నది తాకిడియా, లేక తాకిడికి ముందే ఊడిపోవు సీటును, తెగిపోవు కట్టునా? ఈ ప్రశ్నకు గ్రంథములలో సమాధానము లేదు. పరీక్షించి చూచుట యొక్కటే మార్గము.

కాలిఫోర్నియా రాష్ట్రమున మ్యూరాక్ అను ఎడారి ప్రదేశమున వైమానిక స్థావరమొకటి యుండెను. యుద్ధకాలమున క్షిపణులను పరీక్షించుటకు అచట 2,000 అడుగుల పొడవున ఇనుప పట్టాలు వేసియుండిరి. స్ట్యాప్ ఆ పట్టాలపై నడుచునట్లు రాకెట్లు అమర్చిన బండి నొకదానిని సిద్ధము చేయించెను. రాకెట్లు అంటుకొనగానే బండి బాణమువలె దూసికొనిపోవును. పట్టాల చివర అమర్చిన బలమైన బ్రేకులు దానిని కొలది అడుగులలోనే పట్టి ఆపును. బ్రేకుల సంఖ్యను మార్చి, కావలసినంత తాకిడిని కలిగింపవచ్చును.

మొదట బండిలో మనుష్యుని కూర్చుండబెట్టలేదు. మనుష్యుని బరువు, ఆకారము గల బొమ్మను కూర్చుండబెట్టి పలుమార్లు నడపిరి. ఆ బొమ్మకు ఆస్కారు అని ముద్దుపేరు పెట్టిరి. ఒక పరీక్షలో బొమ్మను తేలికపాటి బెల్టుతో మాత్రమే కట్టి, 30 రెట్ల బలముతో బండిని ఆపిరి. బండి ఆగెను, ఆస్కారు ఆగలేదు. బెల్టు తెగి, ఎదుటనున్న అంగుళము మందపు కొయ్యపలకను కాగితమువలె చీల్చుకొని, దాదాపు 700 అడుగుల దూరమున ఇసుకలో పోయి పడెను. కట్టు చాలని మనుష్యుని గతి యెట్లుండునో చూపుటకు ఇంతకంటె స్పష్టమైన పాఠము లేదు.

కొన్ని నెలలు ఇట్లు పరీక్షించి, బండియొక్క గుణదోషములను సరిచేసిన పిదప మనుష్యుడు ఎక్కవలసిన దినము వచ్చెను. ఎవరిని ఎక్కింపవలెను? స్ట్యాప్ ఆ ప్రశ్నను మరియొకరికి విడువలేదు. 1947 డిసెంబరు 10వ తేదీన తానే బండిలో కూర్చుండెను. ఆ మొదటి ప్రయాణమున ఒక్క రాకెట్టునే వెలిగించిరి. ముఖము వెనుకకు త్రిప్పి కూర్చుండుటచే తాకిడి వీపునంతట సమముగా పంచుకొనబడెను. ఆయన సుఖముగా దిగివచ్చెను. మరునాటినుండి రాకెట్ల సంఖ్యను, వేగమును క్రమముగా పెంచసాగెను. 1948 ఆగస్టు నాటికి పదునారు పర్యాయములు ప్రయాణము చేసి, 35 రెట్ల బలము నోర్చి బ్రతికియుండెను. 18 రెట్ల నమ్మకము ఆ యెడారి పట్టాలపై తునాతునకలయ్యెను.

పిమ్మట ఆయన ముఖము ముందునకు పెట్టి కూర్చుండి పరీక్షలు సాగించెను. కారులో మనము కూర్చుండునది ఈ విధముననే కదా! ఇది మరింత ప్రమాదకరము. భారమంతయు కట్లపైననే పడును. ఆయన దేహము ఎన్నియో గాయములకు గురియయ్యెను. మణికట్టు రెండుమార్లు విరిగెను. ప్రక్కటెముకలు పగిలెను. దంతములలో నింపిన పూరకములు ఊడిపడెను. కన్నులలో రక్తనాళములు చిట్లి చూపు మసకబారెను. ప్రతి పర్యాయమును ఆయన తన గాయములను తానే వైద్యుని కన్నుతో పరిశీలించి, ఏ కట్టు ఎచట కోసినది, ఏ భాగమునకు భారము హెచ్చినది వివరముగా వ్రాసికొనుచుండెను.

ఈ పరీక్షలవలన తేలిన సత్యములు మూడు. దేహము సీటునకు, సీటు వాహనమునకు గట్టిగా అంటిపెట్టుకొనియున్నచో మానవుడు ఊహింపరాని తాకిడిని ఓర్వగలడు. ఆ తాకిడి భుజములు, రొమ్ము, నడుము ఎముకలు మున్నగు బలమైన భాగములపై వెడల్పుగా పరచుకొనవలెను. మెత్తని పొట్టపైనను, మెడపైనను పడరాదు. మూడవది, ఆగుటకు పట్టు కాలము లేశమైనను పెరిగినచో బలము తగ్గును. నేడు కార్లలో మనము చూచు రక్షణ సాధనము లన్నింటికిని ఈ మూడు సత్యములే పునాది.

ఈ పరీక్షల కాలముననే లోకప్రసిద్ధమైన సామెత యొకటి పుట్టెను. 1949లో ఎడ్వర్డు మర్ఫీ అను ఇంజనీరు బలమును కొలుచు పరికరములను తెచ్చియిచ్చెను. వాని తీగలను తలక్రిందులుగా అమర్చుటచే ఒక పరీక్షలో కొలతలేమియు నమోదు కాలేదు. తప్పు చేయుటకు వీలున్న చోట ఎవరో యొకరు ఆ తప్పు చేసియే తీరుదురని మర్ఫీ విసుగుకొనెను. అందరును నవ్వి ఊరకుండిరి గాని స్ట్యాప్ ఆ మాటను ఊరక విడువలేదు. తప్పు జరుగునని ముందే యెంచి జాగ్రత్తపడుటయే తమ పనివారి ప్రాణములను కాపాడుచున్నదని ఆయన పత్రికలవారికి చెప్పెను. నాటినుండి అది మర్ఫీ సూత్రమను పేర వ్యాపించెను. సీటు బెల్టు కట్టుకొనుటయు ఈ సూత్రమును పాటించుటయే. నడుపువాడు ఎంత నేర్పరియైనను, ఎదుటివాడు తప్పు చేయడను హామీ ఎవ్వరికిని లేదు.

స్ట్యాప్ పగలు రాకెట్టు బండిపై పనిచేసి, సాయంకాలము ఆ స్థావరమున నున్నవారి భార్యాబిడ్డలకు ఉచితముగా వైద్యము చేయుచుండెను. దూరపు ఎడారిలో వారికి వేరు వైద్యుడు దొరకుట దుర్లభముగా నుండెను. శిశువు శయ్యకడ చేసిన సంకల్పమును ఆయన మరువలేదనుటకు ఇది నిదర్శనము.

1953లో ఆయనను న్యూ మెక్సికో రాష్ట్రమునందలి హాలోమన్ స్థావరమునకు పరిశోధనశాలాధిపతిగా పంపిరి. జెట్టు విమానముల వేగము ధ్వనివేగమును మించుచున్న దినములవి. అంతటి వేగమున విమానమునుండి బయటకు దుమికిన వైమానికుడు గాలి తాకిడికి, ఆ వెంటనే కలుగు వేగనాశమునకు తట్టుకొనగలడా? దీనిని తేల్చుటకు స్ట్యాప్ సోనిక్ విండ్ అను క్రొత్త బండిని నిర్మింపజేసెను. దీని పట్టాల పొడవు 3,500 అడుగులకు పైబడియుండెను. పట్టాల నడుమ నీటిని నిలిపి, బండి అడుగునగల దొప్పలు ఆ నీటిలో దిగబడుటచే బండి ఆగునట్లు ఏర్పాటు చేసిరి.

1954 డిసెంబరు 10. మొదటి ప్రయాణము చేసి సరిగా ఏడేండ్లు నిండిన దినము. ఈ పరీక్షలో తన కన్నులు పోవచ్చునని ఆయన యెరుగును. అట్లు జరిగినచో పరులకు భారము కాకుండ బ్రతుకవలెనని, ముందుగనే చీకటిలో దుస్తులు ధరించుట అభ్యసించెను. ఎంత నెమ్మదితో ఆయన తన అంధత్వమునకు సిద్ధపడెనో చూడుడు! అయినను వెనుదీయలేదు.

ఆయనను సీటులో కూర్చుండబెట్టి, భుజములను, రొమ్మును, నడుమును, తొడలను వెడల్పైన పట్టీలతో బిగించిరి. చేతులు, కాళ్లు కదలకుండ కట్టిరి. తలకు శిరస్త్రాణము పెట్టిరి. దంతముల నడుమ రబ్బరు ముక్కను ఉంచిరి. తొమ్మిది రాకెట్లు ఒక్కసారిగా అంటుకొనెను. అయిదు సెకనులలో బండి గంటకు 632 మైళ్ల, అనగా వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగమును అందుకొనెను. ఆకాశమున జో కిట్టింజర్ నడుపుచున్న జెట్టు విమానము బండిని వెంబడింపలేక వెనుకబడెను. అంతలో బండి నీటిలో దిగెను. అంతటి వేగమును 1.4 సెకనులో సున్న యయ్యెను.

ఆ క్షణమున ఆయన దేహముపై పడిన బలము 46.2 రెట్లు. 70 కిలోల మనుష్యుడు ఆ ఘడియలో 3,200 కిలోలకు పైబడి తూగును. కన్నులు గోళములనుండి వెడలిపోవునట్లు తోచెనట. సహాయకులు పరుగున వచ్చి కట్లు విప్పునప్పటికి కన్నులు రక్తమయమై యుండెను. స్ట్యాప్ ఏమియు చూడలేకపోయెను. తాను భయపడినదే జరిగినదని తలంచెను. ఆయనను వైద్యశాలకు కొనిపోయిరి. కొంతసేపటికి చీకటి కొంచెము కొంచెముగా విచ్చి, నీలపు ఆకాశము, ఎదుట నిలిచినవారి చేతివ్రేళ్లు కానవచ్చెను. చూపు నిలిచెను! మరునాటికి కన్నులచుట్టు నల్లని కమురు మాత్రమే మిగిలెను. ఆయన చేసిన ఇరువదితొమ్మిది రాకెట్టు ప్రయాణములలో ఇదియే కడపటిది. ఇంకను హెచ్చు వేగమున పోవలెనని ఆయన కోరెను గాని పై అధికారులు అంగీకరింపరైరి.

పత్రికలు ఆయనను భూమిపై మిక్కిలి వేగముగా పోయిన మానవుడని కీర్తించెను. 1955లో టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రమున ప్రచురించెను. మరియొకడైనచో ఆ కీర్తితో తృప్తినొందియుండును. స్ట్యాప్ ఆ కీర్తిని మరియొక కార్యమునకు వినియోగించెను. ఆయన వైమానిక దళములోని మరణముల లెక్కలను పరిశీలించి ఆశ్చర్యపడెను. విమానములు కూలి మరణించు వైమానికులకంటె, రహదారులపై కార్ల ప్రమాదములలో మరణించువారే హెచ్చుగా నుండిరి. ఆకాశమున ధ్వనివేగముతో పోయి క్షేమముగా దిగినవాడు, ఇంటికి పోవు త్రోవలో కారులో మరణించుచుండెను. విమానమున కట్లు కట్టుకొనుచుండెను. కారులో కట్టుకొనుటకు బెల్టే లేదు.

ఆనాటి కార్లలో మెత్తని సీట్లు, మెరయు లోహపు అలంకారములు ఉండెను గాని ప్రాణరక్షణ సాధనములు ఉండెడివి కావు. స్టీరింగు కడ్డీ డ్రైవరు రొమ్మునకు గురిపెట్టిన ఈటెవలె నుండెను. బెల్టు పెట్టినచో కారు ప్రమాదకరమైనదని జనులు భయపడి కొనరని కొందరు తయారీదారుల శంక. ప్రమాదము జరిగినపుడు బయటకు ఎగిరిపడుటయే మేలని జనులలో పెక్కుమంది నమ్మకము. ఈ నమ్మకము వట్టి భ్రమ. బయటకు ఎగిరిపడినవానికి రాతినేల, స్తంభములు, వెనుక వచ్చు వాహనములు ఎదురగును.

స్ట్యాప్ 1955 మేనెలలో కార్ల తయారీదారులను, ఇంజనీర్లను, వైద్యులను హాలోమనునకు ఆహ్వానించి సభ జరిపెను. ఉపన్యాసములతో సరిపెట్టక, బొమ్మలను కూర్చుండబెట్టి, తాకిడి కలిగించి, జరుగునది వారి కన్నులయెదుట చూపెను. వైమానిక దళము కార్ల విషయమున సొమ్ము వ్యయము చేయుట యేల యని ప్రశ్నించినవారును కలరు. కారులో మరణించిన వైమానికుడును దళమునకు నష్టమే యని ఆయన లెక్కలు చూపి వారిని ఒప్పించెను. ఆ సభ పిమ్మట ఏటేట జరుగుచు, ఆయన పేరిటనే వ్యవహరింపబడుచు నేటికిని సాగుచున్నది.

ఇంతలో స్వీడను దేశమున నీల్స్ బోలిన్ అను ఇంజనీరు మరియొక మేలు చేసెను. ఆయనయు మొదట విమానములనుండి వైమానికులను బయటకు చిమ్ము సీట్లను నిర్మించినవాడే. వోల్వో కార్ల సంస్థలో చేరి, 1959లో మూడు చోట్ల బిగింపబడు బెల్టును రూపొందించెను. దాని యొక భాగము నడుము ఎముకలపైనను, మరియొక భాగము భుజమునుండి రొమ్ముమీదుగా ఏటవాలుగాను ఉండును. ఒక్క చేతితో క్షణములో తగిలించుకొనవచ్చును. ఆ సంస్థ దానిపై హక్కు పొందియు, ఇతరులు వాడుకొనుటకు అడ్డుచెప్పలేదు. నేడు మన కార్లలో చూచు బెల్టు అదియే.

స్ట్యాప్ ఉపన్యాసములిచ్చుచు, అధికారులకు లెక్కలు చూపుచు పలుయేండ్లు ప్రయత్నము చేసెను. 1966 సెప్టెంబరు 9వ తేదీన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహనముల రక్షణ చట్టముపై సంతకము చేసెను. ఆ సమయమున స్ట్యాప్ అచట సన్నిహితుడై యుండెను. 1968నుండి ఆ దేశమున క్రొత్త కార్లన్నింటిలోను సీటు బెల్టు లుండుట విధి యయ్యెను.

బెల్టునకు తోడుగా తరువాతి కాలమున గాలిసంచి వచ్చెను. దీని మూలరూపమునకు జాన్ హెట్రిక్ అను అమెరికనుడు 1953లోనే హక్కు పొందెను; కార్లలో వ్యాపించుటకు మాత్రము దశాబ్దములు పట్టెను. తాకిడిని పసిగట్టు పరికరము సంకేత మియ్యగానే, స్టీరింగు చక్రములో మడిచి దాచిన సంచి సెకనులో ఇరువదవ వంతునకు లోపలనే వాయువుతో నిండి తలకును రొమ్మునకును దిండువలె అడ్డుపడును. తాకిడిని వెడల్పుగా పరచుట, ఆగు కాలమును పెంచుట యను స్ట్యాప్ సత్యములే ఇందును కలవు. అయితే గాలిసంచి బెల్టునకు తోడే గాని బదులు కాదు. బెల్టు లేనివాడు సంచి విచ్చుకొను క్షణమున దానిమీదికే పోయి పడును. మిక్కిలి వేగముగా విచ్చుకొను సంచి అట్టివానికి సాయము చేయుటకు మారు గాయపరచును. అందువలననే పండ్రెండేండ్లలోపు బాలురను ముందు సీటులో గాక వెనుక సీటులో, తగిన కట్లతో కూర్చుండబెట్టవలెనని నిపుణులు చెప్పుదురు.

మన దేశమునను కారులో ముందు సీట్లవారే గాక వెనుక సీట్లవారును బెల్టు కట్టుకొనవలెనని నిబంధన కలదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము బెల్టు కట్టుకొననివారికి 1,000 రూపాయల జరిమానా విధించినది. అయినను వెనుక సీటులో బెల్టేల యని అనువారిని మనము చూచుచునే యున్నాము. ప్రేమతో పసిబిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని ముందు సీటులో పోవు తల్లులును కలరు. పది కిలోల శిశువు 30 రెట్ల తాకిడిలో 300 కిలోల బరువగును. ఏ తల్లి చేతులు ఆ బరువును పట్టి ఆపగలవు? ప్రేమ బలము వేరు. ప్రకృతి సూత్రముల బలము వేరు. జరిమానాకు వెరచి గాక, ఈ లెక్కను తెలిసి బెల్టు కట్టుకొనుట వివేకము.

స్ట్యాప్ 1957లో లిలియన్ అను నర్తకిని వివాహమాడెను. 1970లో కర్నల్ హోదాలో వైమానిక దళమునుండి విరమించెను. 1991లో అమెరికా ప్రభుత్వము ఆయనకు జాతీయ సాంకేతిక పతకము నిచ్చి గౌరవించెను. 1999వ సంవత్సరము నవంబరు 13వ తేదీన, ఎనుబదితొమ్మిదవ యేట, హాలోమనునకు సమీపమున నున్న అలమొగోర్డో పట్టణమున తన యింటిలో ఆయన ప్రశాంతముగా కన్నుమూసెను. మృత్యుముఖమునకు ఇరువదితొమ్మిదిమార్లు పోయివచ్చిన మనుష్యుడు నిండు వృద్ధాప్యమును అనుభవించెను. కారణము అదృష్టము కాదు. ప్రతి పర్యాయమును ఆయన గట్టిగా కట్టుకొనియే బయలుదేరెను.

సాహసమనగా జాగ్రత్తను విడుచుట యని కొందరు యువకులు భ్రమపడుదురు. స్ట్యాప్ చరిత్ర అది తప్పని చూపుచున్నది. ఆయన సాహసము కొలతలతో కూడినది. పరుల ప్రాణములకై చేసినది. చలిమంటలో కాలిన ఒక శిశువును ఆయన బ్రతికింపలేకపోయెను. కాని ఆ దుఃఖమునుండి పుట్టిన పరిశ్రమ ముక్కు, ముఖము నెరుగని వేలకొలది బిడ్డలను కాపాడినది. ఈసారి మీరు కారెక్కినపుడు బెల్టు లాగి తగిలించుకొనుడు. మీ ప్రక్కనున్న చిన్నవారికిని తగిలింపుడు. అది టక్కున బిగియు చిన్న శబ్దము విన్నపుడు, ఆ యెడారి పట్టాలపై మనకొరకు గాయపడిన ఆ వైద్యుని ఒక్క క్షణము తలంచుకొనుడు.